కాశీలో వదిలిన పండు పినాంగ్‌లో

చిత్తూరులో మామిడి మండీ నడిపేవాడికి ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, వచ్చిందంటే పని ఉండదు. తోతాపురి కడపటి లోడు గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లిపోయాక కాటా తుడిచి మూలన పెట్టి, రెండు వారాల పాటు నిద్రపోవడం నా అలవాటు. మా ఆవిడ సులోచనకు ఆ అలవాటు నచ్చదు. పెళ్లయినప్పటి నుంచి "కాయలు అయిపోనీ, యాడికన్నా పోదాం" అని చెబుతూ వచ్చాను. కాయలు ప్రతి ఏడూ అయిపోయాయి. మేము మాత్రం కాణిపాకం, తిరుమల, మహా అయితే వేలూరు, వీటిని దాటలేదు. ఒక్కసారి కాశీకి పోయాం గానీ అది విహారానికి పోయింది కాదు.

ఈ ఏడు ఆమె తన షరతులు ముందే చెప్పింది. "సుట్టూ సముద్రం ఉండాల. కొండ గూడా ఉండాల. మెట్లు మాత్రం ఉండకూడదు." మా అమ్మాయి ఫోనులో రెండు రోజులు వెతికి పినాంగ్ అని తేల్చింది. మలేషియాలో ఒక దీవి. చైనావాళ్లు, మలయ్‌వాళ్లు, తమిళులు కలిసి బతికే ఊరు. కొండ మీదికి రైలుంది. మద్రాసు నుంచి విమానంలో నాలుగు గంటలు. చిత్తూరు నుంచి మద్రాసుకు బస్సులో పోవడానికీ అంతే పడుతుంది కాబట్టి, ఇదేమంత దూరం కాదని నేనూ ఒప్పుకున్నాను. పైగా తమిళం మాకు సగం ఇంటి భాషే. ఆ ధైర్యంతో బయల్దేరాం.

కావడి అన్నం

మేము దిగింది శనివారం. శనివారం మా ఇంట్లో మాంసం ముట్టరు. ఆ దీవిలో మొదట ఎదురైనదేమో మటను పులుసు వాసన.

మా లాడ్జికి ఆనుకొని రహీమ్ అనే ఆయన టిఫిను అంగడి ఉంది. ఆయనకు యాభై ఏళ్లుంటాయి. వాళ్ల ముత్తాత నాగూరు వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఇంట్లో ఇప్పటికీ తమిళమే. మా తమిళం వినగానే ఆయన "ఆంధ్రా బార్డరా అణ్ణా?" అని కనిపెట్టేశాడు. టీ పోయడం చూడాలి. మన చిత్తూరు బస్టాండులో టీ మాస్టరు మూరెడు ఎత్తు నుంచి పోస్తేనే నిలబడి చూస్తాం. ఈయన బారెడు ఎత్తు నుంచి పోస్తూ, పోస్తూనే పక్కనున్న వాళ్లతో మాట్లాడతాడు. ఒక చుక్క కింద పడదు. గ్లాసు రెండు రింగిట్లు, అంటే మనకు నలభై రూపాయల పైచిలుకు. నేను ప్రతిదాన్నీ ఇరవైతో గుణిస్తూ ఉంటే సులోచన రెండో గ్లాసుకే "గుణించేది ఆపయ్యా, టీ సల్లారిపోతాది" అంది.

అక్కడ ప్రసిద్ధమైనది నాసి కందర్ అనే అన్నం. వెనకటి రోజుల్లో అన్నం ఒక బుట్టలో, కూరలు ఒక బుట్టలో పెట్టుకొని కావడి మోస్తూ వీధివీధి తిరిగి అమ్మేవాళ్లట. కందర్ అంటే ఆ కావడే. సరిగ్గా ఆ వారమే మా ఊరి నుంచి ఆడి కృత్తికకు తిరుత్తణికి కావళ్లు పోతున్నాయి. ఆ మాట చెబితే రహీమ్ సంతోషపడి, నా కంచంలో అన్నం పెట్టి, నాలుగు రకాల పులుసులు పోయబోయాడు.

"ముక్కలు వద్దు అణ్ణా, శనివారం. ఉత్త పులుసు పొయ్యి" అన్నాను నేను.

సులోచన నా చెయ్యి పట్టుకుంది. "పులుసు యాడ నుంచి వచ్చిందయ్యా? ఆకాశం నుంచి రాలిందా?"

ఆమె అంతే. నియమమంటే నియమం. నేను సందు చూసుకొని దూరే రకం. ముప్పై ఏళ్లు మండీలో కూర్చున్నవాడు సందు చూడకపోతే బతకలేడు. ఆ పూట ఇద్దరం బెండకాయ వేపుడు, పప్పుతో ముగించాం. రహీమ్ నా వైపు జాలిగా చూశాడు.

ఒకే వీధిలో నలుగురు

రెండో రోజు పాత ఊరు చూశాం. ఒక వీధి ఉంది. ఆ చివర చర్చి, తర్వాత చైనావాళ్ల అమ్మవారి గుడి, ఇంకొంచెం నడిస్తే మన మారెమ్మ గుడి, ఈ చివర మసీదు. దేవుళ్లందరూ సంతలో అంగళ్లు పెట్టుకున్నట్టు పక్కపక్కనే ఉన్నారు. సులోచన చర్చి ముందు కూడా చెప్పులు విడిచేసింది. అక్కడి కాపలా మనిషి వద్దమ్మా, వేసుకోవచ్చు అని చేతులతో చెప్పాడు. ఆమె వినలేదు. బయటికి వచ్చేసరికి ఆయనే ఆ చెప్పులు ఎండలోంచి తీసి నీడలో పెట్టి ఉన్నాడు.

చైనా గుడిలో అగరుబత్తీలు రోకలి అంత లావున్నాయి. పొగకు ఇద్దరి కళ్లూ మండాయి. గుడి పక్కన జాజికాయ రసం అమ్ముతున్నారు. మన ఇంట్లో జాజికాయను రవ్వంత అరగదీసి పసిబిడ్డ నాలుకకు రాస్తారు. ఇక్కడ కాయ పైనుండే కండ పిండి, మంచుగడ్డ వేసి, పెద్దవాళ్లు గ్లాసులకు గ్లాసులు తాగుతున్నారు. పుల్లగా, వగరుగా బాగానే ఉంది. రెండో గ్లాసు తాగి, గుడి అరుగు మీదే గంటసేపు నిద్రపోయాను. జాజికాయదేం తప్పు లేదు, అది దాని గుణం.

తువ్వాల కింద బేరం

మూడో రోజు కొండ రైలు ఎక్కాం. నిటారుగా పోతుంటే సులోచన నా భుజం పట్టుకొని కళ్లు మూసుకుంది. పైకి పోయాక "మెట్లు లేవు గదా" అని తనే ధైర్యం చెప్పుకుంది. పైనుంచి చూస్తే ఊరూ, చుట్టూ సముద్రమూ అరచేతిలో ఉన్నట్టు కనిపించాయి. ఆమె కమ్మీ పట్టుకొని అట్లాగే చూస్తూ నిలబడింది. అప్పటికి నా డబ్బుకు ఫలితం దక్కిందనుకున్నాను.

కొండ దిగి వస్తుంటే రోడ్డు పక్కన దురియన్ పండ్ల రాసి. ముళ్ల కాయలు, కొబ్బరిబోండమంత. వాసన మాత్రం పచ్చి ఉల్లిగడ్డను బెల్లంలో ముంచి వారం మరిచిపోతే వచ్చేలాంటిది. అమ్మేవాడు ఒక చైనా ముసలాయన. కాయను చెవి దగ్గర పెట్టుకొని ఊపి, కర్రతో తట్టి, ముచ్చిక వాసన చూస్తున్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. నా జాతివాడు కనిపించాడు.

మా మండీలో పెద్దవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీదా తువ్వాల కప్పి, లోపల వేళ్లు పట్టుకొని బేరం చేస్తారు. పక్కవాడికి ధర తెలియకూడదని. నేను భుజం మీది తువ్వాల తీసి ఆయన చేతి మీద కప్పి, లోపల మూడు వేళ్లు పట్టుకున్నాను. ముప్పైకి ఇస్తావా అని. ఆయన నా మొహం చూశాడు, సులోచన మొహం చూశాడు. చెయ్యి మాత్రం తీసుకోలేదు. కొంచెంసేపు అట్లాగే నిలబడి, రెండో చేత్తో నా వీపు తట్టాడు. పాపం, నాకేదో కష్టం వచ్చిందనుకున్నట్టున్నాడు. పక్కన ఉన్న ఆయన కూతురు ఒక చిన్న కాయ ఊరికే కోసి ఇచ్చింది.

నేను తిన్నాను. వాసనకూ రుచికీ సంబంధం లేదు. వెన్నలో చక్కెర కలిపినట్టుంది. సులోచన మాత్రం రెండడుగులు వెనక్కి వేసింది.

"ముళ్లుండాయి, తొనలుండాయి. ఇది పనస సుట్టమే."

"కాదే. చెట్టే వేరు. నేను పండ్ల మనిషిని, నాకు తెలీదా?"

"తెలీనప్పుడు తినకపోతే పోయేదేముండాది?"

ఇక్కడ కాశీ సంగతి చెప్పాలి. పదకొండేళ్ల కిందట మా మామ పోయారు. ఆయనకు సులోచన ఒక్కతే సంతానం. అస్థికలు గంగలో కలపడానికి ఇద్దరం కాశీకి పోయాం. కాశీకి పోయినవాళ్లు ఇష్టమైన కాయ ఒకటి, పండు ఒకటి వదిలేయాలి కదా. నేను కాయల్లో కాకరను వదిలాను. చిన్నప్పటి నుంచీ అదంటే నాకు గిట్టదు. పండ్లలో కివీని వదిలాను. అప్పటికి దాన్ని నేను చూసి కూడా ఎరగను. పంతులు ఏమీ అనలేదు గానీ సులోచన మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆమె పనసను వదిలింది. "కాయా అదే, పండూ అదే" అని. పనస అంటే ఆమెకు ప్రాణం. ప్రతి ఆడి నెలలో తమిళనాడు పణ్రుట్టి నుంచి వచ్చిన పండొకటి కొని, పూతలపట్టు కూడలి నుంచి భుజాన మోసుకొచ్చేవాడట వాళ్ల నాయన. వదిలింది ఆయన పేరు మీద. మొక్కు తప్పితే అక్కడ ఆయనకు నిలవ నీడ ఉండదని ఆమె నమ్మకం. ఈ పదకొండేళ్లలో పెళ్లిళ్లలో పనసకాయ బిర్యానీ వాసన వస్తే పంక్తి మార్చి కూర్చునేది. అందుకే దురియన్ విషయంలో నేను మళ్లీ వాదించలేదు.

అరటికాయ బజ్జీ

నాలుగో రోజు నీళ్ల మీది ఇళ్లు చూడటానికి పోయాం. సముద్రంలో గుంజలు పాతి, వాటి మీద పలకలు పరిచి, చైనావాళ్లు వీధికి వీధే కట్టుకున్నారు. నాలుగు తరాలుగా అక్కడే ఉంటున్నారట. ఇంటి ముందు తులసికోట ఉండాల్సిన చోట పడవ కట్టేసి ఉంది. సులోచన పలకల సందుల్లోంచి నీళ్లు చూస్తూ "సెంబు జారితే యాడికి పోవాలబ్బా వీళ్లు?" అని అడిగింది. నాకూ తెలియలేదు.

వీధి మొదట్లో ఒక అవ్వ పెద్ద బాణలి పెట్టి బజ్జీలు వేస్తోంది. డెబ్బై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, నోట్లో పాట. కాగితం సంచికి ఆరు బజ్జీలు, నాలుగు రింగిట్లు. సులోచన కొనే ముందు నన్ను అడిగింది.

"ఇదేందయ్యా?"

నేను సంచిలోకి తొంగి చూశాను. పసుపు పచ్చగా, పొడుగ్గా ఉన్నాయి. నాకు చక్కెర జబ్బు, ముందురోజు దురియన్ తిన్నదే ఎక్కువైంది కాబట్టి నోట్లో వేసుకోలేదు. నూనె వాసనలో ఇంకో వాసన తెలియలేదు. అయినా ముప్పై ఏళ్ల అనుభవంతో తీర్పు చెప్పాను.

"అరటికాయ. మాగింది. మన చక్కరకేళి లాంటిది."

ఆమె ఒకటి కొరికింది. నమలడం ఆపి నా వైపు చూసింది. "అరటికాయేనా?" అంది. "ఖచ్చితంగా" అన్నాను. ఆమె సముద్రం వైపు తిరిగి కూర్చొని ఒక్కొక్కటే నిదానంగా తింది. ఆరూ అయిపోయేసరికి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. కాలిందేమో అనుకున్నాను.

సాయంత్రం రహీమ్ అంగడి ముందు కూర్చొని ఆ బజ్జీల సంగతి చెప్పాను. ఆయన సంచి అడుగున మిగిలిన తునక తీసి వాసన చూశాడు.

"అరటి కాదణ్ణా. చెంపెడాక్. పనసకు సొంత తమ్ముడు."

 సులోచన లేచి లాడ్జిలోకి పోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. అడిగితే "ఆకలి లేదు" అంది, మొహం గోడవైపు తిప్పుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టకపోవడంతో నాకు నిజంగా భయం వేసింది. పదకొండేళ్లు కాపాడుకున్నదాన్ని నేను పండ్ల మనిషినన్న గర్వంతో ఒక్క మాటతో చెడగొట్టాను.

మూడు తీర్పులు

అయిదో రోజు పొద్దున్నే ఆమెను వెంటబెట్టుకొని పరిష్కారానికి బయల్దేరాను. మరుసటి రోజు తిరుగు ప్రయాణం. ఈ భారంతో ఆమెను ఇంటికి తీసుకుపోకూడదని నా పట్టుదల.

మొదట మారెమ్మ గుడి అర్చకుడి దగ్గరికి పోయాం. అంతా విని, "కాశీలో సంకల్పం చెప్పుకున్నప్పుడు పనస అన్నారా, పనస జాతి అన్నారా?" అని అడిగాడు.

"పనస అనే అన్నాం సామీ."

"అయితే ఇది దాని కిందికి రాదు. జాతి అని ఉంటే వచ్చేది. మనశ్శాంతికి ఒక అర్చన చేయించండి."

నాకు ప్రాణం కుదుటపడింది. చిత్తూరు కోర్టులో ఇలాంటి వాదనతో ఎంతమంది బయటపడలేదు? సులోచన మాత్రం తల అడ్డంగా ఊపింది. "నోటికి తెలీదా, అది యా జాతో?"

రహీమ్ తీర్పు ఇంకోలా ఉంది. "ఉపవాసంలో ఎవరన్నా మరిచిపోయి నీళ్లు తాగితే, దేవుడే తాగించినాడు అంటాం మేము. ఉపవాసం చెడదు. అక్క తెలియక తినింది, అంతే."

"తెలిసి తింటే?" అని అడిగింది సులోచన.

"తెలిసి ఎవరు తింటారక్కా?"

 రహీమ్ అంగడిని తమ్ముడికి అప్పగించి, మమ్మల్ని బజ్జీల అవ్వ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమెకు విషయం మలయ్‌లో చెప్పి, ఆమె చెప్పేది మాకు తమిళంలో చెప్పాడు. అవ్వ మొదట చేతులు నలుపుకుంది. అడగకుండా అమ్మినందుకు బాధపడింది. తర్వాత తన సంగతి చెప్పింది. ఆమె వాళ్ల అమ్మవారి పేరు మీద నలభై ఏళ్లుగా గొడ్డు మాంసం తినదట. ఒకసారి తెలియక తినేసిందట. ఎక్కడ తినింది అనేది రహీమ్ గొంతు బాగా తగ్గించి, తల గోక్కుంటూ తర్జుమా చేశాడు. అది ఆయన అంగడిలోనే.

"అప్పుడేం చేసినావవ్వా?" అని అడిగింది సులోచన.

"పోయి అమ్మనే అడిగినా."

అడగడానికి వాళ్లకు ఒక పద్ధతి ఉంది. నెలవంక ఆకారంలో రెండు చెక్కలు ఉంటాయి. ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు. ప్రశ్న మనసులో చెప్పుకొని కింద వేయాలి. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పడితే అమ్మ సరేనన్నట్టు. రెండూ ఉబ్బు పైకి పడితే కాదన్నట్టు. కాశీ విశ్వేశ్వరుడి కేసు పినాంగ్ అమ్మవారి దగ్గర నడుస్తుందా అని నాకు అనుమానం వచ్చింది. కానీ మునిగినవాడికి చలేమిటి? అవ్వను వెంటబెట్టుకొని, మొన్న చూసిన చైనా గుడికే మళ్లీ పోయాం.

తప్పు నాది కాబట్టి మొదట నేను వేశాను. 'మా ఆవిడ మొక్కు చెడిందా, నిలిచిందా?' రెండు చెక్కలూ చదును పైకి పడ్డాయి. ఇట్లా పడితే ఏమని అర్థమో అవ్వ ముందుగా చెప్పలేదు. ఆమె చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అమ్మ నవ్వుతోంది" అన్నాడు రహీమ్.

మళ్లీ వేశాను. మళ్లీ నవ్వింది. సులోచనను వేయమన్నాను. ఆమె కళ్లు మూసుకొని వేసింది. మూడోసారీ రెండు చెక్కలూ చదును పైకే పడ్డాయి.

"ఎందుకు నవ్వుతోంది? నేనేమన్నా తప్పుగా అడిగినానా?" అన్నాను నేను.

అవ్వ చెప్పింది, రహీమ్ చెప్పాడు. "అడిగినవాళ్లకు జవాబు ముందే తెలిసి ఉంటే అమ్మ ఇట్లా నవ్వుతుందంట."

సులోచన చెక్కలు జాగ్రత్తగా పళ్లెంలో పెట్టింది. బయటికి వచ్చి గుడి అరుగు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

"మొదటి ముక్క కొరికినప్పుడే తెలిసిపోయింది" అంది.

"ఏంది?"

"పనసని. నువ్వు అరటికాయ అంటాంటివి. నువ్వు ఖచ్చితంగా అంటాంటే, సరే, అరటికాయేలే అనుకొంటి. మిగతా అయిదూ తెలిసే తింటి."

 శనివారం పులుసు చుక్క ముట్టని మనిషి, నా తప్పుడు తీర్పు అడ్డం పెట్టుకొని అయిదు బజ్జీలు తినింది. నేను ముప్పై ఏళ్లలో చూసిన సందులన్నిటిలోకీ అది పెద్దది.

"మరి ఏడ్చిందెందుకే? రాత్రి అన్నం ఎందుకు మానేస్తివి?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇన్నేండ్లుగా మా నాయనను తలచుకొంటే, గోడమీది ఫోటో తప్ప ఇంకేం రాదు నాకు. ఆ ముక్క కొరకతానే మనిషి వచ్చినాడు. చేతులకు సెనక్కాయ నూనె పూసుకొని, మోకాళ్ల మధ్య పండు పెట్టుకొని, తొనలు వలస్తా ఉండాడు. మళ్లీ పోతాడేమోనని ఆపకుండా తింటి. రాత్రి అన్నం తింటే ఆ రుచి పోతాదని తినలేదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నాకూ ఏడుపు వచ్చింది. రహీమ్ అటు తిరిగి మసీదు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"కాశీలో పండొక్కటే వదిలినా అనుకొంటినయ్యా. దాంతోబాటు ఆయన్ని గూడా ఆడ్నే వదిలేసొచ్చినా" అంది. కొంగు దోపుకొని లేచింది. "పా. అవ్వ దగ్గర నిండు పండు ఉంటాది."

ఉంది. మోచేతి పొడవు, గోధుమ రంగు, సన్నటి ముళ్లు. నీళ్ల మీది వీధికి తిరిగి వచ్చాక అవ్వ కత్తి తీసింది. సులోచన ఆమె చేతిలోంచి కత్తి తీసుకొని, బాణలి పక్కన గిన్నెలో ఉన్న పచ్చి నూనె వంచుకొని రెండు చేతులకూ మోచేతుల దాకా పూసుకుంది. చీర కుచ్చిళ్లు దోపుకొని, ఆ పలకల మీద కూర్చొని, పండును మోకాళ్ల మధ్య పెట్టుకుంది. జిగురు కత్తికి అంటకుండా నిలువునా చీరింది. అవ్వ పాట ఆపి చూసింది. పక్క ఇళ్లవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చారు. సులోచన మొదటి తొన అవ్వకు పెట్టింది, తర్వాత రహీమ్‌కు, తర్వాత అక్కడ నిలబడిన వాళ్లందరికీ. చేతులు ఎండితే మళ్లీ నూనె పూసుకుంది. నా నోట్లో కూడా ఒకటి పెట్టింది. చక్కెర జబ్బు మాట ఎవరూ ఎత్తలేదు.

చివరికి ఒక్క తొన మిగిలింది. చెయ్యి చాపబోయిన రహీమ్‌ను ఆమె కళ్లతోనే ఆపింది.

"మా నాయన అందరికీ పెట్టి, తనకు మిగలకపోయినా 'నేను తింటిలే' అనేటోడు. ఇది ఆయనది" అంది. అని, తనే తినేసింది.